మేము విడిపోలేదని మనవి

బ్లాంచర్డ్స్‌టౌన్, డబ్లిన్
8 ఫిబ్రవరి 2021

గ్రీన్ హెడ్జ్ స్కూల్స్ ట్రస్టు అడ్మిషన్ల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మాయి చి. ఉజ్వల (వయస్సు అయిదు) బడి సీటు నిలుపుదల. నా కాపురం నిక్షేపంగా ఉన్నదని రుజువు చేయుట గురించి.

తమ వెబ్‌సైటులో "మీ ఇంటి భాషలోనే మాకు రాయండి" అని పన్నెండు జెండాలు వేసి ఉన్నందున, ధైర్యం చేసి తెలుగులో రాసుకుంటున్నాను.

1. నేను ప్రభుత్వ ఆసుపత్రి కోవిడ్ వార్డులో డాక్టరును. నా భార్య అనురాధకు ఉబ్బసం. ఆ కారణంగా క్రిస్మస్ మర్నాటి నుంచి ఇక్కడ ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. తల్లీకూతుళ్లు ఆడమ్స్‌టౌన్‌లో మా ఇంట్లోనే ఉన్నారు. తమరు ఇద్దరి చిరునామాలకూ రుజువులు అడిగితే, ఉన్నవి ఉన్నట్టు పంపాను.

2. అదే నేను చేసిన తప్పు. విచారణకై తమరు ఒక వాలంటీరమ్మను పంపితిరి. ఆమె వచ్చినది ఆదివారం మధ్యాహ్నం. ఆ సమయమున నేను మా వంటింటి కిటికీ బయట వానలో నిలబడి ఉంటిని. అనురాధ కిటికీ తెరిచి, పులిహోర డబ్బా గట్టు మీద పెట్టి, ఆరడుగులు వెనక్కి పోయినది. పిమ్మట నేను డబ్బా అందుకొని అక్కడే నిలబడి తింటిని. వారం వారం మేము చేసే పనే అది.

3. వాలంటీరమ్మ రిపోర్టు: "భర్తను ఇంట్లోకి రానివ్వడం లేదు. భార్య భయంతో వెనక్కి జరిగినది. భర్త వానలోనే భోంచేసెను." అయ్యా, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. పాపం, ఆవిడ చూసిందే రాసింది.

4. దానిపై తమరు, "తల్లిదండ్రులు విడిపోయినట్లు కనబడుచున్నది, పాప ఎవరి సంరక్షణలో ఉన్నదో తేల్చు కోర్టు ఉత్తర్వు శుక్రవారంలోగా పంపనిచో సీటు తదుపరి వారికి ఇవ్వబడును" అని ఈమెయిలు పంపారు. కింద చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మ, "ఫ్రంట్‌లైన్ వీరులకు మా వందనం" అన్న మాట. ఆ వందనం నాకు కూడానా అని అడగడానికి మొహమాటంగా ఉంది.

5. లాభాపేక్ష లేకుండా, ప్రభుత్వ సొమ్ముతో పద్నాలుగు బడులు నడిపే సంస్థ తమది. "ఏ రకం కుటుంబానికైనా మా గేటు తెరిచే ఉంటుంది" అని తమ నినాదం. ఫారంలో కుటుంబాలకు తొమ్మిది గడులు ఇచ్చారు. విడిపోయినవారికి ఉంది, విడిపోతున్నవారికి ఉంది, మళ్లీ కలిసినవారికి కూడా ఉంది. ఒకరంటే ఒకరికి ప్రాణమై, అద్దానికి చెరోవైపు నిలబడ్డవారికి మాత్రం లేదు.

"సెపరేషన్ పేపర్స్ ఉంటే సీటు కన్ఫర్మ్ అంటున్నారు కదండీ, పోనీ అప్లై చేసేద్దామా?" అని అనురాధ ఫోన్‌లో నవ్వింది. నవ్వుతుంటే దగ్గు తెర వచ్చింది. ఆగేదాకా దగ్గులు లెక్కపెట్టాను.

కావున తమరు పదో గడి ఒకటి గీసి, మమ్మల్ని అందులో పడేసి, పాప సీటు పాపకు ఇప్పించ ప్రార్థన. మా దగ్గర్లో మరే బడిలోనూ ఖాళీ లేదు. కోర్టు ఉత్తర్వు కావాలంటే ముందు మేము పోట్లాడుకోవాలి. ఆ తీరిక వార్డులో దొరకడం లేదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
డాక్టర్ హేమచంద్

తా.క.: నిన్న అనురాధ సంతకం కోసం ఈ కాగితం ఇంటికి తీసుకెళ్లాను. ఉజ్వల అద్దానికి ముక్కు ఆనించి, "డాడీ, ఈజ్ దట్ ద లెటర్ టు లెట్ యూ ఇన్?" అని అడిగింది. తమరు సంతకం పెడితే నాన్న లోపలికి వచ్చేస్తాడని దాని నమ్మకం. అవునమ్మా అనేశాను. ఆ అనుమతి ఇచ్చే అధికారి ఎవరో తెలిస్తే దయచేసి చెప్పండి, వారికి వేరే అర్జీ రాసుకుంటాను.