తమ్ముడి బండి వెనక మడత

మంగళవారం, రాత్రి

చిట్టీ, ఈ నానమ్మ చెప్పింది చెప్పినట్టే రాయి. దిద్దకు.

మస్కట్‌లో చనిపోయిన నా తమ్ముడి మోటారుసైకిల్ ఓడలో వచ్చి, నిన్న సెక్టర్ 2లో మా క్వార్టర్‌కి చేరింది. తాగి తనే బండిమీంచి పడి చచ్చాడని అక్కడివాళ్లు రాసిపారేశారు. తాగినవాడి చావుకి ఎవడూ జవాబు చెప్పక్కర్లేదు కదా! వాడు జన్మలో తాగలేదు.

ఈరోజు పవర్ హౌస్ బజారు నుంచి మెకానిక్‌ని పిలిపించాను. బండి చుట్టూ తిరిగి, వెనక ఆగిపోయాడు.

"పక్కన గీతలు సరే పెద్దమ్మా, వెనక మడ్‌గార్డ్ ఎందుకు మడత పడింది? ఎవుడో వెనకనుంచి గుద్దేసినాడు."

"అదే రాసియ్యి!"

"ఓడలో వంగిందంటారు. మడతలో ఆ ఊరి ఇసక ఉంటే, అక్కడే వంగిందన్న మన మాట నిలబడేది. ఇదేటి, ఇలా తళతళలాడతంది?"

తమ్ముడి పెళ్లాం తలొంచుకుంది. "చావు చూసిన బండి కదా వదినా. పసుపునీళ్లతో కడిగే గేటు దాటించినాను."

నేనైనా అదే చేసేదాన్ని.

అందరూ వెళ్లాక మడతలో వేలు పెట్టి చూశాను. పసుపే అంటింది.