ఎనిమిది గళ్ల కాగితం

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. మీ నాన్న క్షేమమే, మోకాలి నొప్పిని కనిపించినవాళ్లందరికీ కథలా చెప్పుకుంటూ తిరుగుతున్నారు. నా సంగతి చివర్లో రాస్తాను.

కాళ్ల వాపు మామూలేనని మీ అత్తగారు అన్నారని రాశావు. పెద్దావిడతో వాదించకు గానీ, ఈ ఉత్తరం అందగానే వెళ్లి బీపీ చూపించుకో. తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా ఆలస్యం చెయ్యొద్దు. బిడ్డ పుట్టగానే తుడిచి నీ గుండెల మీదే పడుకోబెట్టమని చెప్పు. మొదటి పాలు పారబొయ్యొద్దు. ఇవన్నీ చిన్నప్పటినుంచి నా నోట విని విని నీకు కంఠతా వచ్చే ఉంటాయి.

"కాన్పుకి నీ దగ్గరికే వస్తానమ్మా, నీ చేతుల్లోనే కంటాను" అన్నావు. ఆ ఒక్క మాటకి జవాబు రాయలేక రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. నేనిప్పుడు కాన్పుల గదిలో లేను తల్లీ, ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టే గదిలో ఉన్నాను. ఎందుకు మారానో మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

కాన్పయ్యాక రెండు గంటలపాటు, పావుగంటకోసారి తల్లి పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో చూడాలి. రక్తం ఎంత పోతోందో చూడాలి. చూసిన ప్రతిసారీ కాగితం మీద ఒక గడి నింపాలి, మొత్తం ఎనిమిది. రద్దీ రోజుల్లో మేం ఎనిమిదింటిలోనూ ఒకేసారి "బాగుంది" అని రాసేసేవాళ్లం. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కాబట్టి అది తప్పని ఎవరికీ అనిపించలేదు.

ఆ మధ్యాహ్నం ఒక దర్జీ భార్యకి మూడో కాన్పు. ఆడపిల్ల. గళ్లన్నీ నింపేసి పక్క మంచం దగ్గరికి పరిగెత్తాను, అక్కడ పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఆ బిడ్డని ఏడిపించి వస్తుంటే ఈమె "చలేస్తోందక్కా" అంది. ఇంకో దుప్పటి కప్పి, "కాసేపు పడుకోమ్మా" అని మళ్లీ వెళ్లిపోయాను. దుప్పటి ఎత్తి చూడలేదు. తిరిగొచ్చేసరికి పరుపు తడిసి రక్తం నేల మీదికి కారుతోంది. మందులు ఎక్కించాం, రక్తం తెప్పించాం. అన్నీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులే. ఆమె దక్కలేదు.

డాక్టరమ్మ నా కాగితం చూసి దర్జీతో, "పావుగంటకోసారి చూస్తూనే ఉన్నారయ్యా" అంది. ఆఖరి రెండు గళ్ల టైము రాకముందే ఆమె పోయిందని ఆవిడ గమనించలేదు. అతను నాకు దణ్ణం పెట్టాడు.

నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఐదో రోజు డాక్టరమ్మకీ, దర్జీకీ నిజం చెప్పాను. అతను తిట్టి ఉంటే బాగుండేది. "చెయ్యి వేస్తే తెలిసేదామ్మా?" అని ఒక్కటే అడిగాడు. తెలిసేదనే చెప్పాను. ఇది నీకు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అంతకంటే భయంగా ఉంది.

అందుకే నువ్వు ఇక్కడికి రావొద్దు. సెలవు పెట్టి నేనే వస్తాను, నర్సుగా కాదు, అమ్మగా. ఆ రెండు గంటలూ నీ పక్కనుంచి కదలను. నీకు చలేస్తే చెప్పు. కప్పే ముందు దుప్పటి ఎత్తి చూస్తాను.

ఇట్లు,
మీ అమ్మ