పసుపు కవరులో రెండు పేర్లు

సెబు,
నవంబరు 24.

నాన్నకు,

మీ చెయ్యి అందుకుని దీవెన కోసం నా నుదుటికి ఆనించుకున్నాననుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేనూ, రుఫీనా అత్తా బాగానే ఉన్నాం. మీరూ బాగున్నారని మొదటి వాక్యంలో రాశారు గానీ, నాలుగో వాక్యంలో దగ్గు పట్టుకుందని రాశారు. అందుకని మొదటి వాక్యాన్ని నేను నమ్మలేదు. జైలుకి డాక్టరు నెలకోసారి వస్తాడన్నారు కదా, ఈసారి వచ్చినప్పుడు వరసలో ముందు నిలబడండి. ఎక్కడికెళ్ళినా అందరినీ ముందుకి పంపి మీరు వెనక నిలబడతారు. దగ్గు విషయంలోనైనా ఆ మర్యాద మానండి.

ఈ ఉత్తరాన్ని మీకన్నా ముందు గేటు దగ్గర సార్జెంటు చదువుతాడని నాకు తెలుసు. చదవనివ్వండి. ఆయనకీ ఆడపిల్లలున్నారని మీరే రాశారు.

పోయిన ఉత్తరంలో మీరు మూడు ప్రశ్నలు అడిగారు. లా కాలేజీ పరీక్షకి ఎలా చదివావు, చేరేది ఎప్పుడు, ఇంటర్వ్యూలో నా గురించి అడిగితే ఏం చెప్పావు అని. మొదటి దానికి జవాబు సులువు. మిగతా రెండూ రాయడానికి వారం రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను, లేచిపోతున్నాను. ఆలస్యానికి కారణం అదే, పోస్టువాళ్ళు కాదు.

ముందు కోర్టు సంగతి చెబుతాను. కత్‌బలోగన్ కోర్టు గుమాస్తాకి ఫోన్ చేశాను. సాక్షి మళ్ళీ రాలేదట. ఫిబ్రవరి పదకొండుకి వాయిదా వేశారు. మీ అయిదో లాయరమ్మకి బదిలీ అయిందట, ఆవిడ చోటులోకి ఎవరు వస్తారో ఇంకా తెలియదన్నాడు. కొబ్బరి షావుకారు తమ్ముణ్ణి ఎవరో చంపిన రోజు ఆ షావుకారు లారీ మీరు నడుపుతూ ఉండడమే మీరు చేసిన నేరం. అది తేల్చడానికి ఆరేళ్ళు చాలలేదు వీళ్ళకి. "నా ఆరో లాయరు నువ్వేనే" అని మీరు ఊచల అవతల నుంచి నవ్వుతూ అంటుంటే నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే భయం వేస్తోంది.

పరీక్షకి ఎలా చదివానంటే, కోలోన్ వీధిలో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఒకే ఒక్క పుస్తకంతో. అంతకుముందు దాన్ని వాడిన మహానుభావుడెవరో ప్రతి ప్రశ్నకీ పెన్సిలుతో జవాబు పెట్టాడు. సగం తప్పులు. అతను లా చదవలేకపోయి ఉంటాడు, పాపం. కోర్టు పక్కన అటార్నీ కబాహుగ్ గారి నోటరీ గదిలో నా టైపు మిషను పక్కనే ఆ పుస్తకం ఉండేది. పత్రాలు రాయించుకునేవాళ్ళు లేనప్పుడల్లా చదివేదాన్ని. ఆరుగురు మనుషులు, ఆరు కుర్చీలు, వాళ్ళలో ఫలానా ఇద్దరు పక్కపక్కన కూర్చోరు, అయితే మూడో కుర్చీలో ఎవరు, ఇలాంటివి చాలా ఉంటాయి. నాకవి ఒక పట్టాన వచ్చేవి కావు. పన్నెండుమంది పట్టే మీ గదిలో నలభైమంది ఎలా పడుకుంటున్నారో, ఎవరు మొదటి వంతు, ఎవరు రెండో వంతు, ఎవరికెవరికి పడదో మీరు ఒక ఉత్తరంలో వరసగా రాశారే, అది ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. పరీక్షలో అలాంటి లెక్క వస్తే ముసలి గోర్గోనియో తాతని గోడ పక్కన పడుకోబెట్టాను, దగ్గేవాణ్ణి తలుపు దగ్గరికి పంపాను, జవాబు వచ్చేసింది. మీ గదిలోవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పండి. అదొక్కటీ నిజంగా సంతోషంగా చెప్పుకోదగ్గ విషయం.

ఇక్కడ మీతో ఒక పాత అబద్ధం ఒప్పుకోవాలి. పోయినేడు ఇంకో కాలేజీలో ప్రవేశ పరీక్ష తప్పానని రాశాను. తప్పలేదు. ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను. మా నాన్న జైల్లో ఉన్నారు, కేసు నడుస్తోంది అని ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళలో ఒకాయన "నాన్న కోసం చదువుతావా, న్యాయం కోసం చదువుతావా?" అని అడిగాడు. "నాకు రెండూ ఒకటేనండి" అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జాబితాలో నా పేరు రాలేదు. కారణం అదేనో కాదో ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. మీ మనసు కష్టపెట్టకూడదని పరీక్షే తప్పానని రాశాను.

ఈ ఏడు చర్చి ఫాదర్లు నడిపే లా కాలేజీలో, జనవరిలో మొదలయ్యే చదువుకి సెప్టెంబరులో దరఖాస్తు పెట్టాను. ఫారంలో "తండ్రి" అన్న చోట రెండు గళ్ళు ఉన్నాయి. ఒకటి సజీవం, రెండోది దివంగతులు. నాన్నా, నేను రెండో గడిలో టిక్కు పెట్టాను.

రాసేశాను. ఇక మిగతాది కూడా రాయగలననుకుంటున్నాను.

ఫారం కింద "పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని ఉంటుంది. దాని కింద నోటరీ ముందు సంతకం పెట్టాలి. ఆ వాక్యం రోజుకి నలభైసార్లు నా చేత్తోనే టైపు చేస్తాను. అటార్నీ కబాహుగ్ గారు నా ఫారం చదవకుండానే ముద్ర వేశారు. "లాయరు అయ్యాక నన్ను మాత్రం కోర్టుకి ఈడ్చకు పిల్లా" అని నవ్వారు కూడా.

ఇంటర్వ్యూలో మీ గురించి అడిగారు. డీన్ ఒర్కుల్యో అని, ఒకప్పుడు జడ్జిగా చేసిన పెద్దావిడ. ఫారం చూసి కళ్ళజోడు తీశారు.

"అమ్మా నాన్నా ఇద్దరూ లేరా?"

"లేరండి."

"నాన్నగారు ఎప్పుడు పోయారు?"

"ఆరేళ్ళయిందండి."

"ఎలా పోయారమ్మా?"

"లారీ ప్రమాదమండి."

ఆవిడ లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఇంకో ప్రశ్న అడగలేదు. సొరుగులోంచి ఒక పసుపు కవరు తీసి, పేర్లు చెప్పమన్నారు. నవంబరు నెలంతా పోయినవాళ్ళ పేర్లతో కవర్లు బలిపీఠం మీద పెట్టి పూజ చేస్తారు కదా, ఆ కవరు. అమ్మ పేరు చెప్పాను. ఆవిడ ముందు శిలువ గుర్తు వేసి, కేందెలారియా అబనీల్యా అని రాశారు. తర్వాత నా మొహంలోకి చూశారు. నాన్నా, అక్కడైనా ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేదు. మీ పేరు కూడా చెప్పాను. అమ్మ పేరు కింద, శిలువ గుర్తు వేసి, మీ పేరు రాశారు.

వారానికి సీటు వచ్చిందని కాగితం వచ్చింది. ఆ సంగతి మీకు రాసిన ఉత్తరంలో ఇవేవీ రాయలేదు. అందులో ఉన్న సంతోషం నిజమే, మిగతాదే దాచాను.

నవంబరు ఎనిమిదో తారీకు ఉదయం కొత్తగా చేరేవాళ్ళ కోసం కాలేజీ ప్రార్థనా మందిరంలో పూజ పెట్టారు. ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మన్నారు. నేను వద్దన్నా వినకుండా అత్త తన పువ్వుల గౌను వేసుకుని బయల్దేరింది. "మా తమ్ముడి కూతురు అటార్నీ అవుతుంటే నేను ఇంట్లో గిన్నెలు తోముకోవాలా?" అంది. అమ్మ పేరొక్కటే చదువుతారని నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకలా అనుకున్నానో తెలియదు. మీ పేరు చెప్పింది నేనే కదా.

చదివారు. మైకులో, మందిరమంతా వినబడేట్టు. పేరు విన్నవాళ్ళు ముందుకెళ్ళి కొవ్వొత్తి వెలిగించాలి. అమ్మకి ఒకటి వెలిగించాను. మీ పేరు వినబడగానే వెనక నుంచి అత్త గొంతు వచ్చింది.

"మన తేరియోనా? ఏమే ఫ్లోర్, వాళ్ళు చదివింది మన తేరియో పేరేనా?"

రెండో కొవ్వొత్తి నా చేతిలోనే ఉంది. అందరూ చూస్తున్నారు. వెలిగించి వెనక్కి వచ్చాను. అత్త భోరుమని ఏడుస్తోంది. పక్కనున్న ఎవరో తల్లి ఆవిణ్ణి కావలించుకుని "ఏడవండమ్మా, ఏడిస్తే బరువు దిగుతుంది" అంటోంది. "కాదమ్మా, వాడు..." అని అత్త నోరు తెరిచింది. నేను ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కాను. ఆవిడ నా మొహం చూసి ఊరుకుంది. ఫారంలో ఒకసారి, ఇంటర్వ్యూలో ఒకసారి, అత్త చెయ్యి నొక్కి ఇంకోసారి, మొత్తం మూడుసార్లు మిమ్మల్ని చంపాను నాన్నా.

తర్వాత నూడుల్సు, బెల్లం అన్నం పెట్టారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అత్తని ఓదార్చి వెళ్ళారు. ఆవిడ చేతిలో ప్లేటు పట్టుకుని అలాగే నిలబడింది, ఒక్క ముద్ద తినలేదు. ఇంటి సందులోకి తిరిగాక అంది: "బతికున్నోడికి కొవ్వొత్తి ఎలా ఎలిగించావే? చేతులెలా వచ్చాయే నీకు? ఆడు నెల నెలా ఉత్తరం రాస్తన్నాడే!"

ఆ తర్వాతి మంగళవారం మీ ఉత్తరం వచ్చింది. అందులో దగ్గు. అత్త ఆ ఉత్తరం చదివి మంచం మీద కూలబడిపోయింది. ఆ పూజకీ మీ దగ్గుకీ సంబంధం లేదని నాకు తెలుసు. నలభైమంది ఒకే గాలి పీలిస్తే దగ్గు రాక ఏమవుతుంది. ఎంత తెలిసినా, ఈ నెలంతా రోజూ పొద్దున్నే మీ పేరు పోయినవాళ్ళ పేర్లతో కలిపి బలిపీఠం మీద ఉంటుందన్న ఆలోచన నన్ను వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే అదే, టైపు మిషను ముందు కూర్చుంటే అదే.

బుధవారం ఆఫీసులో ఒక ప్రమాణపత్రం టైపు చేశాను. మా నాన్న ఎల్యుతేరియో అబనీల్యా సజీవంగా ఉన్నారని, దరఖాస్తులో నేను రాసింది అబద్ధమని. అంత చిన్న పత్రం నేనెప్పుడూ టైపు చేయలేదు. అటార్నీ గారి ముందు పెట్టి, "ఇది చదవండి సార్" అన్నాను. ఆయన రెండుసార్లు చదివారు.

"అయితే సెప్టెంబరులో నువ్వు నా ముందు ప్రమాణం చేసింది?"

"అబద్ధమండి."

"దాని మీద నా ముద్ర ఉంది."

"ఉందండి."

"నువ్వు టైపు చేసింది కదా అని చదవలేదు పిల్లా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ముద్ర వేసి ఇచ్చారు. ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. కాకపోతే ఆ రోజు నుంచి నేను టైపు చేసిన ప్రతి కాగితం, వేలు పెట్టి వరస వరసా చదివాకే సంతకం పెడుతున్నారు. నేను ఎదురుగా నిలబడి ఉంటాను.

మర్నాడు మధ్యాహ్నం డీన్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పత్రం చదివి, నన్ను కూర్చోమనలేదు.

"నాన్నగారు ఎక్కడున్నారు?"

"సమార్‌లో, జైల్లో ఉన్నారండి. ఇంకా తీర్పు రాలేదు."

"అప్పుడే చెప్పి ఉంటే తీసుకునేవాళ్ళమా అని అడుగుతావేమో. అడక్కు. ఏమో, నాకు తెలీదు. ఇప్పుడు మాత్రం తీసుకోలేను. తప్పుడు ప్రమాణం చేసినవాళ్ళని తీసుకుని లా ఎలా చెప్పమంటావు?"

"అవునండి."

"రెండేళ్ళాగి మళ్ళీ దరఖాస్తు పెట్టుకో. ఈ కాగితం మాత్రం నీ ఫైల్లోనే ఉంటుంది."

అంతే నాన్నా. చేరేది ఎప్పుడు అన్న మీ రెండో ప్రశ్నకి జవాబు అది. జనవరిలో చేరడం లేదు. ఎప్పుడు చేరతానో, అసలు ఎవరైనా చేర్చుకుంటారో లేదో తెలియదు. గదిలోవాళ్ళు మిమ్మల్ని "అటార్నీ గారి నాన్న" అని పిలుస్తున్నారనీ, గోర్గోనియో తాత నా చేత అర్జీ రాయించుకోవాలని కాగితాలన్నీ సర్దిపెట్టుకున్నాడనీ రాశారు. ఆయనకి ఏం చెబుతారో నాకు తోచడం లేదు. నిజమే చెప్పండి. మా అమ్మాయి నేను చచ్చిపోయానని చెప్పి సీటు తెచ్చుకుంది, నేను బతికున్నానని చెప్పి పోగొట్టుకుంది అనండి. అర్జీ మాత్రం టైపు చేసి పెడతానని చెప్పండి. అది చెయ్యడానికి లాయరు కానక్కరలేదు.

డీన్ గదిలోంచి తిన్నగా ప్రార్థనా మందిరానికి వెళ్ళాను. కొవ్వొత్తులు చూసుకునే ముసలాయనకి, బతికున్నవాళ్ళ పేరు ఒకటి కవరులో పడిందని చెప్పాను. ఆయన గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. "నలభై ఏళ్ళుగా ఇక్కడున్నానమ్మా, ఇలాంటిది ఎప్పుడూ వినలేదు" అంటూ కట్టలు విప్పి ఆ కవరు వెతికి ఇచ్చాడు. "బతికున్నోళ్ళకైతే తెల్ల కవరుంటది కదమ్మా, అదైనా అడగలేకపోయావా?" అన్నాడు. తెల్ల కవరు తీసుకుని మీ ఆరోగ్యం కోసమని రాసి ఇచ్చాను. అది విని అత్త ఆ పూట కాస్త అన్నం తింది. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు.

ఆ పసుపు కవరు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చింపేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. పైన అమ్మ పేరు, కింద మీ పేరు. నాకు చేతులు రాలేదు. కొవ్వొత్తి వెలిగించడానికి వచ్చిన చేతులే దీనికి రాలేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అది మీ ఇష్టం. ఒక్క పని చేసి పెట్టండి. కవరుని పేర్ల మధ్య మడతపెట్టి, మీ చేతులతో రెండు ముక్కలు చేయండి. మీ పేరున్న ముక్క చించి పారేయండి. అమ్మ పేరున్న ముక్క నాకు వెనక్కి పంపండి. ఇంకేమీ రాయకపోయినా ఫరవాలేదు. అది వచ్చేదాకా నేనూ అత్తా పోస్టుమాన్ కోసం గుమ్మంలో చూస్తూ ఉంటాం.

ఇట్లు,
తండ్రి బతికే ఉన్న మీ కూతురు,
ఫ్లోర్దెలీసా