ఎర్రదారం కట్టిన చోట

కొత్తవాడ, వరంగల్

బాపూ,

నీ బిడ్డ స్రవంతి దండాలు. ఇక్కడ అమ్మ, నేను, మన గుంట మగ్గం, ముగ్గురం బాగున్నాం. షోలాపూర్‌లో నువ్వూ నీ బీపీ గోళీలూ బాగున్నారని తలుస్తాను. అక్కడి కరెంటు మగ్గాల, ఆ సాంచాల చప్పుడు నీ చెవులు తినేశాక మనకు ఫోన్ మాటలు పోయి ఉత్తరాలు వచ్చాయి. నాకైతే ఇదే నయం. ఫోన్లో నువ్వు "తిన్నవా, పన్నవా" దాటేవాడివి కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు కొంచెం తగ్గింది. దవాఖానకు పోదామంటే "నొప్పి నాకా, నీకా" అంటుంది. మగ్గం ఎవరికీ ఇవ్వలేదు, దాని మీద ఉల్లిగడ్డలు ఆరబోస్తుంది. నేను ఆఫీసు నుంచి రాగానే గుంట అంచున కూర్చుని చాయ్ తాగుతాను. చిన్నప్పుడు అక్కడే కూర్చుని నీకు కండెలు అందించేదాన్ని. నువ్వు నేస్తుంటే ఇల్లంతా టకటకమనేది, ఆ చప్పుడులోనే నాకు నిద్ర పట్టేది. ఇప్పుడు ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ రోజులు మళ్లీ కావాలనిపిస్తుంది బాపూ.

"నీ నౌకరి ఏందో మీ అమ్మకు చెప్పుడు వస్తలేదు, నువ్వన్న చెప్పు" అని రాశావు. నువ్వు నేసే షత్రంజీ జంపఖానాలో పోగు తెగినచోట, రంగు తప్పినచోట నువ్వు అంచుకు ఎర్రదారం కట్టేవాడివి. చేనేత సంఘంలో సరుకు చూసుకునే బాలకిషన్ తాత ఆ దారం చూసి దాన్ని పక్కకు పెట్టేవాడు. మా ఆఫీసులో ట్రాకర్ అంటే అదే. ప్రోగ్రాం ఎక్కడ చెడిందో వాడేవాళ్లు అందులో రాస్తారు, మేం బాగుచేస్తాం. ఇప్పుడు వాళ్ల తరఫున రాయడానికి ఏఐ ఏజెంట్‌ను పెట్టారు. మనిషి కాదు, చెప్పిన పని తనే చేసుకుపోయే ప్రోగ్రాం. ఎవరి పేజీని వాళ్ల భాషలో పెట్టడానికి అది ముందుగా ట్రాకర్‌ను "నీకు ఏ భాషలు వచ్చు" అని అడగాలి. అలా అడిగి జాబితా తెచ్చిచ్చే పనిముట్టు చేసింది నేను. మూడు వారాలు పట్టింది. నవ్వకు.

మొదటిసారి జాబితా వచ్చింది. ముప్పై ఒక్క భాషలు. తెలుగు లేదు. మనసు చివుక్కుమంది. పరీక్ష కోసమని నా చేత్తో తెలుగు చేర్చి, చూసుకుని మురిసిపోయాను. తీసేద్దాంలే అనుకుంటూనే తీయలేదు. అదే జాబితా పనిలోకి పోయింది.

నర్సంపేట పత్తి మిల్లులో తూకం కాంటా చూసే కట్టయ్య, కాంటా ప్రోగ్రాం చెడిందని ఒక ఫిర్యాదు ఇవ్వబోయాడు. ఏజెంట్ నా జాబితాను నమ్మి ఆయన పేజీని తెలుగులోకి మార్చింది. ట్రాకర్‌లో తెలుగే లేదాయె. "బిడ్డా, తెల్లకాయిదం లెక్క అయింది, యాడ రాయాల్నో జర చెప్పు" అని మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. తప్పు ఎక్కడుందో తేలేదాకా రెండు రోజులు కాంటా ఆగింది, రైతులు పత్తి బండ్లతో ఎండలో నిలబడ్డారు.

మాట నిఖిల్ మీదికి వచ్చింది. ట్రాకర్ చూసుకునేది అతనే. మా మేడం అందరి ముందూ నిలదీసింది. అతను తన పనంతా రెండుసార్లు వెతుక్కుని, తల వంచుకుని, "నేనే ఏదో మర్చిపోయిన్నేమో మేడం" అన్నాడు.

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. లేచి నిలబడి, "తెలుగు పెట్టింది నేను" అని చెప్పాను. నా పనిని ఇకనుంచి ఇంకొకరు చూశాకే వదులుతారట. నౌకరి ఉంది, ఫికర్ చేయకు. జాబితాలోంచి తెలుగును నేనే తీసేశాను. ఏడుపొచ్చింది గానీ ఉన్నమాట అదే.

బాపూ, పోయిన ఉత్తరంలో నువ్వొక మాట రాశావు. "ఇక్కడ ప్రతి పోగు రెండుసార్లు తడుముకుంట, ఒకసారి మర్చిపోయినోన్ని గద" అని. ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. సంఘంలో బాలకిషన్ తాత గట్టిగా "పండరి, మూడు దారాలు" అని చదువుతుంటే నాకు సిగ్గేసేది. మా బాపు నేసినదానికి వంక పెట్టేదెవరు అని కోపం. ఆ రోజు మూట కట్టి నువ్వు స్నానానికి పోయావు. నేను మూట విప్పి, అమ్మ కత్తెరతో ఎర్రదారాలన్నీ కత్తిరించాను. ఒక్కటీ కనబడకుంటే అందరూ నిన్ను మెచ్చుకుంటారనుకున్నాను.

తరువాత కొన్నవాళ్లు సరుకు తిప్పి పంపారు. సంఘంలో "పండరి తప్పు దాచిండు" అన్నారు. నువ్వు కొట్లాడలేదు. "మర్చిపోయిన్నేమో, కండ్లు మసకబారినయేమో" అన్నావు. సంఘం తలుపు వెనక నేను వింటూనే ఉన్నాను. ఆ ఏడాదే మగ్గం దిగి షోలాపూర్ బండెక్కావు. పదహారేళ్లుగా నీ కళ్లను నువ్వే నమ్మడం లేదు, నేను నోరు విప్పలేదు.

ఇన్నాళ్లూ ఆ దారాలు నా కంపాస్ పెట్టెలో ఉన్నాయి. ఈ కవర్లో పెట్టాను. రంగు వెలిసింది గానీ ముడులు నీవే, చూస్తే గుర్తుపడతావు. మొత్తం ఏడు. నువ్వు మర్చిపోలేదు బాపూ. ఏడుకు ఏడూ కట్టావు.

ఇట్లు,
నీ దారాలు దాచిన బిడ్డ
స్రవంతి