కొర్రమీనుల కుండ

బెజవాడ, 1946 డిసెంబరు, బుధవారం రాత్రి

నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే కొర్రమీను ఎలా తట్టుకుంటుందో పరిశీలిద్దామని నిన్న బడికి తెచ్చిన నాలుగూ పొద్దుటికి చచ్చిపోయాయి. హాయిగా ఉంటాయని కుండ నిండా నీళ్ళు పోసి, మూత బిగించింది నేనే.

చేపలమ్మే మంగమ్మ చూసి, "అంచుదాకా పోశారేంటండీ మేష్టారూ? పైకొచ్చి గాలి మింగొద్దటండీ అది?" అంది. తిట్టినా బాగుండేది.

మొప్పల పైనుండే ఆ గాలి గది బొమ్మ పిల్లలకు ఏటా బోర్డు మీద గీస్తాను. అయినా...

ఇంటికి రాగానే, ఉబ్బసంతో ఉన్న అమ్మకు చలిగాలి తగలకూడదని నెల క్రితం నేను మేకులు కొట్టి మూసిన కిటికీ తెరిచాను. అమ్మ దిండు కిటికీ వైపు జరుపుకుంది.