పైపు కింద పొగ

విశాఖపట్నం, పోర్టు రోడ్డు
శనివారం

గురునాథం బావకు,

నువ్వు క్షేమమని అడగకుండానే తెలుస్తోంది. రోజూ పదింటికి ఠంచనుగా పొగ పెడుతున్నావుగా! ఫోన్ చేస్తే మా చెల్లి రాణి ఎత్తుతుంది. దానికి తెలియకూడదని, నువ్వు భీమిలి బస్సులో పంపే మిషన్ మెమరీ కార్డు కవర్లోనే ఈ ఉత్తరం పెట్టి తిప్పి పంపుతున్నాను.

నెత్తీ నోరూ బాదుకోవాలనుంది నాకు. గాలిలో కొత్త రేణువులు ఎలా పుడతాయో చూడడానికి అనూరాధ మేడమ్ రెండు మిషన్లు పెట్టారు. మురికి గాలికి పోర్టు పక్కన నాది, శుభ్రమైన గాలికి భీమిలి ఒడ్డున నీది. నెలాఖరుకి కార్డులన్నీ చూసి పనికిరాని చోటు ఎత్తేస్తామన్నారు. అంతే, నీ గుండె జారిపోయింది. రేణువుల అంకె పెద్దదైతేనే ఉద్యోగం నిలుస్తుందని నీకెవరు చెప్పారయ్యా?

మొన్న మీ ఒడ్డున చేపలు ఎండబెట్టే నూకాలు ఇటొచ్చింది. "మీ బావ మిసన్ గాలి పీల్సే పైపు కింద కొబ్బరి పీసు కాల్సేత్తన్నాడు బాబూ. ఏటది అంటే మిసన్‌కి ఆకలేత్తందట!" అని ఒకటే నవ్వు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

పుట్టిన రేణువుకీ పొగకీ తేడా మిషన్‌కి తెలియదనుకున్నావా? ఎండెక్కాక కంటికి కనిపించని ఆవిర్లు ఒకదాన్నొకటి పట్టుకుని రెండు మూడు నానోమీటర్ల గుంపు కడతాయి. సాయంత్రానికి మెల్లగా పెరుగుతాయి. అదీ పుట్టుకంటే. నీవి మాత్రం పుట్టడమే పెళ్లీడుకొచ్చి పుడుతున్నాయి! పైగా గాలిలో పాత రేణువులు ఎక్కువుంటే ఆవిరంతా వాటికే అంటుకుపోయి కొత్తవి పుట్టడం కష్టమవుతుంది. ఇక్కడ ఇంత లారీ పొగలో కూడా కొన్ని రోజులు ఎలా పుడుతున్నాయో మేడమ్‌కే అంతుబట్టడం లేదు. నువ్వేమో శుభ్రమైన గాలికి పొగ పట్టించి, పుట్టబోయేవాటి గొంతు నులుముతున్నావు.

ఈ ఉద్యోగం నేనే కాళ్లావేళ్లా పడి ఇప్పించాను. అసలు మంట అదే. ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటి కార్డులోనే నాకు అనుమానం వచ్చింది. చెల్లి ముఖం గుర్తొచ్చి, నోరు మూసుకుని మేడమ్‌కి పంపేశాను. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. సోమవారంలోగా నువ్వు చెప్పు. లేదంటే నేను చెప్పేస్తాను.

నీ మీద పళ్లు నూరుతున్న
తిరుమలరావు


భీమిలి
బుధవారం

తిరుమల బావకు,

తిట్టావు, బాగానే తిట్టావు. సోమవారం మధురవాడ ఆఫీసుకెళ్లి మేడమ్ ముందు నిలబడి అంతా చెప్పేశాను. "ఏయే రోజులు కాల్చారు?" అని అడిగారు. "జొరమొచ్చి తొంగున్న నాలుగు రోజులు తప్ప, అన్ని రోజులూ కాల్సీసినానండి" అన్నాను.

ఆవిడ కంప్యూటర్లో ఆ నాలుగు రోజులే తెరిచారు. అందులో మూడు రోజులు పొద్దెక్కాక చుక్కలు అట్టడుగునుంచి, అంటే అతి చిన్న రేణువుల వరసనుంచి లేచి, సాయంత్రం దాకా పెరుగుతూ పోయాయి. నా పొగ రోజుల మధ్య అవి ఎవరి కంటికీ ఆనలేదు. నేను మంచం మీద మూలుగుతుంటే గాలి తన పని తాను చేసుకుంది బావా!

"ఇలాంటి చోటు నేను మూయను" అన్నారు మేడమ్. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, "మీరు మాత్రం తాళం అప్పగించేయండి" అన్నారు.

నీ సంగతి నేను ఎత్తలేదు. పెద్ద నిజాయితీపరుడిలా నువ్వూ బయల్దేరకు. ఒక్క తప్పుకి రెండిళ్ల పొయ్యిలు ఆరక్కర్లేదు. రాణికి చెప్పేశాను. ఆనందపురం మార్కెట్లో ఏదైనా పని చూసుకోమంది.

నిన్న పొద్దున తాళం తీసుకునేవాళ్లు రాకముందే వెళ్లి, ఏమీ వెలిగించకుండా మిషన్ ముందు ఊరికే కూర్చున్నాను. పదిన్నరకి తెర మీద అన్నిటికన్నా కింది వరస కదిలింది. "పుడతన్నాయి! పుడతన్నాయి!" అని కేకేశాను. వినడానికి అక్కడ ఒక్కడూ లేడు. అందుకే నీకు రాస్తున్నాను.

ఇట్లు, ఈసారి ఏమీ కాల్చని నీ బావ
గురునాథం