కత్తెరకు ముందు మాట

అక్కకి,

నీ ఉత్తరం అందింది. "నువ్వు నా మీద మరీ ఆధారపడిపోయావు, అందుకే వేరే ఊళ్ళో కుట్టుదుకాణం పెట్టాను" అని రాశావు. ఆ మాటొక్కటి నాకు నచ్చలేదు.

నిచ్చెన గోడ మీద ఆధారపడుతుంది. గోడ తీసేస్తే పడిపోతుంది. నువ్వెళ్ళి నాలుగు నెలలైంది, నేనేం పడిపోలేదు. మొన్న కుట్టిన కోటుకి కాలరు నీకంటే బాగా కుదిరింది, కోప్పడకు.

నిజమే, పన్నెండేళ్ళు ప్రతి గుడ్డకీ "అక్కా, కత్తెర వెయ్యనా?" అని అడిగాను. నువ్వు మిషను మీంచి తలెత్తకుండానే "ఊఁ" అనేదానివి. చూడకుండానే అంటున్నావని నాకు తెలియదా?

పోయిన వారం డాక్టరమ్మ నీలం గుడ్డ తెచ్చింది. తప్పు కోస్తే మరో ముక్క దొరకదు. సుద్దగీత గీసి, అలవాటుకొద్దీ నీ కుర్చీ వైపు తిరిగి అడిగాను. మళ్ళీ గుడ్డ వైపు తిరిగి, కత్తిరించేశాను. కుట్టేశాను. ఆవిడ తొడుక్కుని చూసి మురిసిపోయింది.

దీన్ని ఆధారపడటం అనరక్కా, బెంగ అంటారు. ఈసారి రాసేటప్పుడు ఆ మాటే రాయి.

ఆ నీలం గుడ్డ సంగతికి నీ సలహా అక్కర్లేదు. ఊఁ అని మాత్రం రాయి.

నీ చెల్లెలు